ఆనందీబాయి నెచ్చెలులు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో, హడ్సను నదీతీరమున, పొకీప్సీ యను పట్టణము గలదు. ఆ పట్టణపు శ్మశానవాటికలో ఒక అమెరికా కుటుంబమువారి సమాధుల నడుమ ఒక మహారాష్ట్ర బ్రాహ్మణస్త్రీ పేరు చెక్కిన రాయి నిలిచియున్నది. ఆ రాతిక్రింద నున్నది శరీరము గాదు. పూనాలో దహనమైన దేహముయొక్క భస్మము. మన యాచారము ప్రకారము ఏ పుణ్యనదిలోనో కలియవలసిన యా భస్మము సముద్రములు దాటి, పరమతస్థుల కుటుంబస్థలమున కేల చేరెను?

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము ఒక్క మాటలో చెప్పవచ్చును: స్నేహమువలన. కాని యా యొక్క మాట వెనుక నున్న చరిత్ర చిన్నది గాదు. డాక్టరు ఆనందీబాయి జోశీ పాశ్చాత్యవైద్యమున పట్టము పొందిన మొదటి భారతస్త్రీలలో నొకతె. ఆమెనుగూర్చి వ్రాయువారు తరచుగా రెండు సంగతులే చెప్పుదురు. ఒకటి భర్తయొక్క పట్టుదల. రెండవది ఆమె యకాలమరణము. ఈ రెంటి నడుమ నామె నంటిపెట్టుకొనియున్న స్త్రీల సంగతి మరుగుపడిపోవుచున్నది. ఆ సంగతినే మేమిచ్చట చెప్పదలచితిమి.

మన సాహిత్యమున పురుషుల స్నేహమునకు గొప్ప పీట వేసినారు. కృష్ణకుచేలుల కథ నెరుగని తెలుగుబిడ్డ లేదు. కర్ణదుర్యోధనుల మైత్రి యధర్మపక్షమున నున్నదైనను దానిని మెచ్చుకొననివారు లేరు. స్త్రీల స్నేహమున కట్టి కథ యేది? ప్రబంధములలో చెలికత్తెలకు కొరత లేదు గాని వారికి సొంతబ్రతుకు లేదు. నాయికకు విరహము కలిగినప్పుడు చందనము పూయుటయు, చిగురుటాకుల పాన్పు పరచుటయు, నాయకునికడకు కబురు మోయుటయు వారి పని. నాయికకు వివాహమైనతోడనే చెలికత్తె కథ ముగియును.

లోకమునందును చాలకాల మిట్లే జరిగినది. కన్నెగా నున్నంతవరకు ఆడపిల్లకు నేస్తములుందురు. అట్లతద్దెనాడు ఊయెల లూగుటకును, వెన్నెలలో ఆటలాడుటకును వారు కావలయును. అత్తవారింట నడుగిడిన పిమ్మట వదిన, మరదలు, తోడికోడలు, ఆడబిడ్డ యను చుట్టరికపు పేర్లే తప్ప నెచ్చెలి యను పేరు ఆమె నోట వినబడదు. చుట్టరికము ఒకరు ముడివేసి యిచ్చునది. స్నేహము తాను కోరి తెచ్చుకొనునది. అట్లు కోరుకొను హక్కు లేకుండుటయే పూర్వపు స్త్రీదాస్యములో నెవ్వరును లెక్కింపక విడిచిన భాగమని మేము తలచుచున్నాము. బాల్యవివాహమును గూర్చియు, విధవల దుఃస్థితిని గూర్చియు, విద్యాహీనతను గూర్చియు సంస్కర్తలు గ్రంథములు వ్రాసిరి. స్త్రీ యొంటరితనమును గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఆనందీబాయి 1865వ సంవత్సరము మార్చి 31వ తేదీన జన్మించెను. పుట్టినింటి పేరు యమున. వారిది కల్యాణ పట్టణమునకు చెందిన కుటుంబము. తొమ్మిదేండ్ల ప్రాయమున, 1874లో, ఆమెను గోపాలరావు జోశీ యను తపాలా గుమాస్తాకిచ్చి వివాహము చేసిరి. ఆయన ఆమెకంటె చాల పెద్దవాడు. మొదటి భార్య పోయినవాడు. పెండ్లితో యమున ఆనంది యయ్యెను. పేరుకూడ తాను కోరుకొనినది గాదు. గోపాలరావు స్త్రీవిద్యయందు పట్టుదల గలవాడు. భార్యకు తానే చదువు చెప్పెను. ఉద్యోగమునుబట్టి అలీబాగు, కొల్హాపురము, బొంబాయి, భుజ్, కలకత్తా, శ్రీరామపురము అని ఊరూర తిరుగవలసివచ్చినప్పుడు చదువు మానిపింపలేదు. పదునాలుగవ యేట ఆమెకొక కుమారుడు పుట్టి పదిదినములే బ్రతికెను. సరియైన వైద్యసహాయ మున్నచో బిడ్డ బ్రతికియుండునన్న తలంపు ఆమెను విడువలేదు. పురుషవైద్యునికి దేహము చూపుటకు సిగ్గుపడి ప్రాణములు పోగొట్టుకొను స్త్రీలు దేశమున నెందరో యుండిరి. తాను వైద్యురాలు కావలయునని ఆమె యప్పుడే నిశ్చయించుకొనెను.

అంతకుమునుపే, 1878లో, గోపాలరావు కొల్హాపురమునుండి ఒక అమెరికా మిషనరీకి ఉత్తరము వ్రాసెను. తన భార్యను చదివించుటకు అమెరికాలో నేమైన సహాయము దొరకునా యని ఆ యుత్తరమున నడిగెను. మిషనరీ యా యుత్తరమును తన పత్రికయందు ప్రకటించి, దానితోపాటు తన ప్రత్యుత్తరమును ప్రకటించెను. క్రైస్తవమతమును స్వీకరింపుడనుటయే ఆ ప్రత్యుత్తరపు సారాంశము. విద్య కావలెనన్నచో మత మీయవలెను. వెల చెప్పిన తరువాత అది దానము గాదు, బేరము. గోపాలరావు ఆ బేరమున కొప్పుకొనలేదు. విషయ మంతటితో ముగిసినట్లే కనబడెను.

ఇక నిచ్చట నీ చరిత్రలోని రెండవ స్త్రీ ప్రవేశించుచున్నది. న్యూజెర్సీ రాష్ట్రమున రోసెల్ అను చిన్న ఊర థియోడిషియా కార్పెంటరు అను గృహిణి యుండెను. ఆమె ధర్మసంస్థల కధ్యక్షురాలు గాదు, పండితురాలని పేరు పొందినది గాదు, ఒక సంసారిణి. 1880లో నొకనాడు పండ్లవైద్యునియింట తన వంతుకై కనిపెట్టుకొనియుండి, అచ్చట పడియున్న పాత పత్రిక నొకదానిని తిరుగవేయుచుండగా ఆ రెండుత్తరములును ఆమె కంటబడెను. చదివి విడిచిపెట్టవలసిన సంగతి. ఆమె విడిచిపెట్టలేదు. ఇంటికి పోయి, ఎన్నడును చూడని, ఎన్నడును చూతునన్న యాశయైనను లేని హిందూబాలికకు ఉత్తరము వ్రాసెను. ఆ యుత్తరమున మతమును గూర్చిన యే నియమమును లేదు.

అప్పుడు ఆనందీబాయికి పదునైదేండ్లు. ఆమె ప్రత్యుత్తరము వ్రాసెను. అది మొదలు ఆ యిద్దరి నడుమ ఉత్తరములు నడచెను. బాల్యవివాహమును గూర్చియు, ఇండ్లలోని యాచారములను గూర్చియు, పూజలను గూర్చియు, దైవమును గూర్చియు, తమతమ శరీరారోగ్యములను గూర్చియు వారు వ్రాసికొనిరి. ఆనందీబాయికి తలనొప్పులును, జ్వరములును, ఆయాసమును తరచుగా కలుగుచుండెను. ఆమె యా మాట వ్రాయగా కార్పెంటరమ్మ అమెరికానుండి మందులు పంపెను. వైద్యము నేర్చుకొనవలెనని తపించుచున్న పిల్ల తానే రోగి. ఆ రోగికి మొదటి పథ్యము చెప్పినది సముద్రముల కావలనున్న యొక స్నేహితురాలు.

ఆనందీబాయి ఆమెను పినతల్లి యను అర్థముగల మాటతో సంబోధించుచు వచ్చెను. ఇది యాలోచింపదగిన సంగతి. తనకంటె పెద్దదియు పూజ్యురాలును అయిన స్నేహితురాలిని పిలుచుటకు మన దేశభాషలలో వేరు పేరేది? పెద్దవారిని పేరుపెట్టి పిలువరాదు. చెలి యనుట చనవగును. కావున చుట్టరికము లేనిచోట చుట్టరికమును కల్పించుకొని పిలువవలసివచ్చెను. మనవారు ఊరిలోని వారినందరిని అక్కా, పిన్నీ, అత్తా యని పిలుచుటయు నిట్టిదే. ఆ పిలుపులో ఆప్యాయత లేకపోలేదు. అయినను కోరి తెచ్చుకొనిన స్నేహము చుట్టరికపు ముసుగు వేసికొని తిరుగవలసియుండుటయు అందు కనబడుచున్నది.

అమెరికాకు పోవుట నిశ్చయమైన పిమ్మట లోకులు ఊరకుండలేదు. సముద్రయానము చేసిన బ్రాహ్మణస్త్రీ ఏమగును? ఒంటరిగా నేల పోవలయును? తిరిగివచ్చినప్పుడు వెలివేసినయెడల నేమి గతి? ఆపద వచ్చినచో చూచువా రెవరు? ఈ ప్రశ్నలన్నిటికిని ఆనందీబాయి 1883వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన శ్రీరామపురపు కళాశాలామందిరమున, సభ యెదుట నిలువబడి, తానే ప్రత్యుత్తరము చెప్పెను. దేశమునకు స్త్రీవైద్యులు కావలయుననియు, తాను హిందువుగానే పోయి హిందువుగానే మరలివత్తుననియు చెప్పెను. అప్పటికామె పదునెనిమిదేండ్లు నిండని పిల్ల.

ఏప్రిలు 7వ తేదీన కలకత్తాలో ఓడ యెక్కి, ఇంచుమించు రెండు నెలలు ప్రయాణముచేసి, జూను 4వ తేదీన న్యూయార్కు రేవున దిగెను. భర్త వెంట రాలేదు. రేవునందు కార్పెంటరమ్మ యెదురుచూచుచుండెను. మూడేండ్లు చేవ్రాలుమాత్రమే చూచిన యిద్దరును అచ్చట నొకరి ముఖము నొకరు చూచుకొనిరి. ఆ వేసవియంతయు ఆనందీబాయి రోసెల్‌లో కార్పెంటరువారి యింటనే యుండెను. చీర విడువలేదు; శాకాహారము విడువలేదు; మతమును విడువలేదు. వీనిలో నొకదానినైనను విడువుమని ఆ యింటివారు కోరలేదు. ఔదార్య మనగా ధన మిచ్చుటయే యని మనము తలచుచుందుము. అతిథిని తమవంటివానిగా మార్చుకొనక, అతడున్నట్లే యుండనిచ్చుట ధనమిచ్చుటకంటె కష్టమైన యీవి. ధనము పెట్టెలోనిది, ఈ యీవి యభిమానములో నుండి తీసి యీయవలసినది.

ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాల 1850లో స్థాపితమైనది. స్త్రీలను వైద్యులుగా చేయుటకై ప్రపంచమున నేర్పడిన తొలి కళాశాలలలో నది యొకటి. దానికప్పుడు అధ్యక్షురాలు రేచెల్ బాడ్లీ. రసాయనశాస్త్రము బోధించిన విదుషి. ఆనందీబాయిని కళాశాలలో చేర్చుకొని, విద్యార్థివేతన మిచ్చి, ఆమె మంచిచెడ్డలను తల్లివలె చూచుకొనినది ఈ బాడ్లీయే. ఆ కళాశాలలో తీసిన ఛాయాచిత్ర మొకటి నేటికిని నిలిచియున్నది. 1885వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన తీసిన యా చిత్రమున ముగ్గురు విద్యార్థినులు ప్రక్కప్రక్కల కూర్చుండియున్నారు: చీరతో ఆనందీబాయి, జపానుదేశమునుండి వచ్చిన కెయికో ఒకామి, సిరియాదేశమునుండి వచ్చిన సబత్ ఇస్లాంబూలీ. ఎవరి దేశపు దుస్తులు వారు ధరించియున్నారు. మూడు దేశములు, మూడు భాషలు, మూడు మతములు, బల్లమాత్ర మొక్కటి. ఆ కళాశాల 1970లో పురుషులనుకూడ చేర్చుకొని, తరువాత డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమున లీనమైనది. చిత్రము మాత్రము దాని గ్రంథభాండాగారమున భద్రముగా నున్నది.

ఇక్కడ మేమొక కఠినమైన సంగతి చెప్పకతప్పదు. గోపాలరావు లేనియెడల ఆనందీబాయి చదువు లేదు, ఇది సత్యము. ఆ చదువు దెబ్బలతో కూడినదనుటయు సత్యమే. అమెరికానుండి భర్తకు వ్రాసిన యొక యుత్తరమున, చిన్నతనమున తాను తిన్న దెబ్బలను, తనపై విసరిన వస్తువులను ఆమె పేరుపేరున జ్ఞాపకము చేసెను. కోపముతో నరచుట లేదు. క్షమాపణము కోరుట లేదు. జరిగిన దిది యని నెమ్మదిగా లెక్క యొప్పచెప్పినట్లున్నది. ఇంట నున్నంతకాలము ఈ మాట నోట రాలేదు. దూరదేశమున, తన్ను కొట్టనివారి నడుమ, తన మాటను వినువారి నడుమ కొంతకాలము బ్రతికిన పిమ్మట గాని ఆ మాట వ్రాయుటకు చేయి రాలేదు. స్నేహము స్త్రీకేమి చేయునని యడుగువారికి ఇదియే మా సమాధానము: తన బ్రతుకును తాను వేరుగా నిలిచి చూచుకొనుటకు చోటిచ్చును. ఆ చోటు లేనిదే మాట పుట్టదు.

1886వ సంవత్సరము మార్చి 11వ తేదీన ఆనందీబాయి వైద్యపట్టము పొందెను. ప్రాచీనహిందువుల ప్రసూతివైద్యమును గూర్చి ఆమె సిద్ధాంతవ్యాసము వ్రాసియుండెను. ఆ యుత్సవమును చూచుటకు ఇంగ్లండునుండి పండిత రమాబాయి తన చిన్నకుమార్తెతో వచ్చెను. రమాబాయి ఆనందీబాయికి దూరపుబంధువు. వయస్సున నేడేండ్లు పెద్ద. సంస్కృతపాండిత్యముచేత దేశమును మెప్పించినది. 1882లో భర్తను కోల్పోయినది. 1883లో క్రైస్తవమును స్వీకరించినది. ఆమె మతాంతరమును పూనాలోని పెద్దలు క్షమింపలేదు. ఆనందీబాయి హిందువుగానే మరలుదునని సభలో మాటయిచ్చి వచ్చినది. ఒకరి మతము నొక రంగీకరింపని యిద్దరు మహారాష్ట్రస్త్రీలు పరదేశమున నొకరి విజయమున కొకరు సంతసించిరి. స్వదేశమున నట్టి దృశ్యమున కప్పుడు చోటెక్కడ? ఆ చోటును కల్పించినవారు బాడ్లీయు కార్పెంటరమ్మయు. స్నేహమండల మనగా నిదియే. ఒకరితో నొకరికి పొత్తు కుదిర్చి, నడుమ నున్నవారు ప్రక్కకు తొలగుట.

కొల్హాపుర సంస్థానమువారు ఆల్బర్టు ఎడ్వర్డు ఆసుపత్రిలోని స్త్రీలభాగమునకు ఆనందీబాయిని వైద్యాధికారిణిగా నియమించిరి. అప్పటికే క్షయరోగ మామె నాశ్రయించెను. ఆ దేశపు చలియు, సరిపడని యాహారమును, ఎడతెగని చదువును ఆ దుర్బలదేహమును మరింత క్రుంగదీసెను. క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కోహ్ పండితుడు 1882లోనే కనుగొనియుండెను గాని, దానిని చంపు మందు 1943 వరకును కనుగొనబడలేదు. కావున ఆమె నేర్చిన వైద్యవిద్యయంతయు ఆమె నొక్కదానిని రక్షింపజాలకపోయెను. 1886 అక్టోబరులో న్యూయార్కు విడిచి నవంబరులో బొంబాయి చేరెను. కొల్హాపురపు కొలువులో చేరనేలేదు. 1887వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన పూనాలో మరణించెను. ఇంకను ఇరువదిరెండేండ్లు నిండలేదు. పట్టము చేతికివచ్చి పదునొకండు మాసములు పదునైదుదినములు.

స్నేహితుల ప్రేమ మరణముతో ముగియునా, నిలుచునా యనుట ఇచ్చట పరీక్షకు వచ్చినది. ఆమె నెరిగిన స్త్రీలు, ఆమె కథ నందుకొనిన స్త్రీలు, ఒక్కొక్కరు తమతమ శక్తికి తగిన జ్ఞాపకచిహ్నమును నిలిపిరి. వాని నొకచోట చేర్చి చూచిన గాని వాని విలువ తెలియదు.

కార్పెంటరమ్మ భూమి నిచ్చెను. తనకు పంపబడిన చితాభస్మమును తన పుట్టింటివారి స్థలమున, తనవారి సమాధుల సరసన నుంచెను. విద్యకై భారతదేశమును విడిచిన తొలి బ్రాహ్మణస్త్రీ యని రాతిపై చెక్కించిరి. బంధువులను గాక పరులను తమ కుటుంబశ్మశానమునకు చేర్చుకొనుట యే దేశమునను సామాన్యము గాదు. బ్రతికియున్నప్పుడు పినతల్లీ యని పిలిచిన పిలుపునకు కార్పెంటరమ్మ చనిపోయిన తరువాత పలికెను.

బాడ్లీ పలుకు నిచ్చెను. అదే 1887లో పండిత రమాబాయి ఉన్నతకులముల హిందూస్త్రీని గూర్చి ఇంగ్లీషున గ్రంథము వ్రాసి ఫిలడెల్ఫియాలో ప్రకటింపగా, బాడ్లీ దానికి పీఠిక వ్రాసెను. రమాబాయి గ్రంథమునకు వ్రాసిన పీఠికలో ఆనందీబాయి మరణమును తలచెను. ఒక శిష్యురాలు పోయిన దుఃఖమును మరియొక స్త్రీ ప్రయత్నమునకు బలముగా మార్చెను. మరుసటియేడు బాడ్లీయు మరణించెను.

రమాబాయి యిల్లు నిచ్చెను. ఆ గ్రంథముచేతను, తన యుపన్యాసములచేతను అమెరికాస్త్రీల మనస్సులను కదలించి, 1887 డిసెంబరులో బోస్టను నగరమున నొక సహాయసంఘ మేర్పడునట్లు చేసి, స్వదేశమునకు మరలివచ్చి బొంబాయిలో శారదాసదనమును స్థాపించెను. విధవలైన బాలికలకు విద్యయు నాశ్రయమును గల యిల్లది. దానిని తెరచినది 1889వ సంవత్సరము మార్చి 11వ తేదీన. మూడేండ్లకు పూర్వము సరిగా నదే దినమున ఆనందీబాయి పట్టము పుచ్చుకొనెను. రమాబాయి యా సభలో కూర్చుండెను.

కరొలైన్ డాల్ అను అమెరికా రచయిత్రి 1888లో ఆనందీబాయి జీవితచరిత్రమును ఇంగ్లీషున ప్రకటించెను. ఉత్తరములను భద్రపరచి యుంచుటచేతనే యది సాధ్యమయ్యెను. ఒక చిన్న విషయము మాత్రము మమ్ము నిలిపివేయుచున్నది. ఆ పుస్తకము ముఖపత్రముమీదనే ఆనందీబాయిని పండిత రమాబాయి బంధువుగా పేర్కొనిరి. స్నేహమువలన పుట్టిన గ్రంథమునకును పరిచయవాక్యముగా బంధుత్వమే కావలసివచ్చెను. స్త్రీని ఫలానివారి చుట్టమని చెప్పక పరిచయము చేయలేని యలవాటు మన దేశమునకు మాత్రమే చెందినది గాదు.

మహారాష్ట్రమున కాశీబాయి కానిట్కరు ఆ చరిత్రను మాతృభాషలో వ్రాసెను. ఇంటివారి యెగతాళి నడుమ చదువు నేర్చుకొని మరాఠీగద్యమున పేరు సంపాదించిన తొలి స్త్రీలలో నామె యొకతె. ఆనందీబాయి యుత్తరముల నాధారముగా గొని, ఆ దుఃఖమును, ఆ దెబ్బలను, ఆ పట్టుదలను స్వదేశస్త్రీలు చదువుకొను భాషలోనికి తెచ్చెను. పరదేశస్త్రీలు కాపాడిన కథ యిట్లు స్వదేశమునకు మరలివచ్చెను.

ఇక నీ మండలమున చివరిపీట తెలుగుస్త్రీది. భండారు అచ్చమాంబ 1874లో కృష్ణామండలమున జన్మించెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులకు అక్కగారు. ఆరేండ్లకే తండ్రిని పోగొట్టుకొనెను, పదేండ్లకే పెండ్లియయ్యెను, తమ్ముని చదువు ప్రక్కన కూర్చుండి తానును చదువు నేర్చుకొనెను. భర్త యుద్యోగమునుబట్టి మధ్యపరగణాలలో కాపురముండుటచేత హిందీయు మరాఠీయు నామెకు పట్టువడెను. కన్నబిడ్డలను పోగొట్టుకొని, దిక్కులేని పిల్లలను చేరదీసి పెంచెను. స్త్రీలు బలహీనలు, బుద్ధిహీనలు అను నిందలు వట్టివని దృష్టాంతములతో నిరూపించుటకై అబలాసచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును మొదలిడెను. వీరేశలింగము పంతులు దానిని తమ చింతామణియందు వెలువరించిరి. 1901లో గ్రంథరూపము నొందిన మొదటిభాగమున మీరాబాయి, అహల్యాబాయి, రుద్రమదేవి, మొల్ల మొదలగువారి నడుమ ఆనందీబాయి జోశీయు నున్నది. బిడ్డను పోగొట్టుకొని వైద్యురాలైన తల్లి కథను, బిడ్డలను పోగొట్టుకొని రచయిత్రియైన తల్లి వ్రాసెను. ఇద్దరును ఒకరి నొకరు చూచుకొనలేదు. కాని నెచ్చెలి యనుటకు కన్నులతో చూచుట యొక్కటే గుర్తుగాదు.

అచ్చమాంబ వ్రాసి ఊరకుండలేదు. 1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలసి బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. తెలుగుదేశమున నూరూర తిరిగి స్త్రీసమాజములను పురికొల్పెను. గృహిణులు ఇల్లు విడిచి ఒకచోట కూర్చుండి, చుట్టరికముతో నిమిత్తము లేకుండ, చదువునుగూర్చి మాటలాడుకొనుట ఆ దినములలో చిన్నసాహసము గాదు. 1905వ సంవత్సరము జనవరి 18వ తేదీన, ముప్పదియేండ్ల ప్రాయమున నామెయు మరణించెను. గ్రంథము అసంపూర్తిగా నిలిచెను. ఆనందీబాయిని తెలుగువారి జ్ఞాపకమున నిలిపినయామెను, ఆ తరువాతి తెలుగువారు చాలకాలము మరచియుండిరి. పరిశోధకురాండ్రు పాతపత్రికలను తిరుగవేసి ఆమె రచనలను మరల వెలికితీసిరి. పండ్లవైద్యునియింట పాతపత్రికను తిరుగవేసిన కార్పెంటరమ్మ పనియే వారును చేసిరి.

చదువరులారా, మన యిండ్లలో స్త్రీలమండలమునకు పేరంట మని పేరు. పసుపుకుంకుమలు, తాంబూలము, పాట, మాట అన్నియు నందు గలవు. ఆడువారి హృదయముల కది కొంత యూపిరి యనుటలో సందియము లేదు. కాని యా మండలమున కొక గోడ యున్నది. భర్త పోయిననాడే ఆమెకు పేరంటపు పిలుపు ఆగిపోవును. నిన్నటివరకు ప్రక్కన కూర్చుండిన నేస్తము నేడు గడపకవతల నిలువవలసివచ్చును. ఆమెకు స్నేహము మిక్కిలి కావలసిన దినముననే అది తెగిపోవును. రమాబాయి కట్టిన యింటిలో మొదట ప్రవేశము గలది ఆ గడపకవతలి స్త్రీకే. మన పేరంటమునకును ఆ సదనమునకును గల భేదము మతభేదము గాదు. స్నేహమును అదృష్టముతో ముడిపెట్టుటకును, ముడిపెట్టకుండుటకును గల భేదము. ఈ గోడ నేటికిని అన్ని యిండ్లలో కూలిపోలేదు.

ఆనందీబాయి పేరును ఖగోళశాస్త్రజ్ఞులు శుక్రగ్రహముమీది యొక గుంటకు పెట్టియున్నారు. అది గౌరవమే. కాని ఆమె నింతకాలము బ్రతికించినది శుక్రగ్రహము గాదు. పెట్టెలో దాచిన యుత్తరముల కట్ట. మన యింటి పెద్దమ్మల పెట్టెలలోను అట్టి కట్ట లుండెను. వారు పోయిన తరువాత పనికిమాలిన కాగితములని వానిని పొయ్యిలో వేసినవార మెందర మున్నాము? తాతగారి దస్తావేజులను దాచుకొంటిమి. అమ్మమ్మకు ఆమె నేస్తము వ్రాసిన కార్డును దాచుకొనలేదు. భూమి యెవరిదో దస్తావేజు చెప్పును. ఆమె యెవరో ఆ కార్డు చెప్పియుండెడిది.

మీ తల్లి నొకమారు అడిగి చూడుడు: అమ్మా, నీ నెచ్చెలి యెవరు? ఆమె యిప్పు డెక్కడ నున్నది? ఆ ప్రశ్న తన్నింతవరకు ఎవ్వరు నడుగలేదని ఆమె చెప్పవచ్చును. పేరు చెప్పుటకు కొంతసేపు పట్టవచ్చును. పేరు చెప్పినచో వ్రాసియుంచుడు. ఆ నెచ్చెలి బ్రతికియున్నచో ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టుడు; తరువాత మీరు ప్రక్కకు తొలగుడు.